పెట్రోల్ మోడల్ విమానంలో ఇగ్నిషన్ వైరు ఒరుసుకుపోకుండా ఏం చెయ్యాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు, కందుకూరు వైపు గ్లో ఇంజన్ల (ఎర్రగా కాలే ప్లగ్గుతో నడిచే చిన్న ఇంజన్లు) నుంచీ ఎలక్ట్రిక్ మోటార్ల నుంచీ పెట్రోల్ ఇంజన్లకు మారుతున్నవాళ్లు అడిగేది దాదాపు ఒకటే. ఇంజన్ బాగానే ఉంది, కార్బొరేటర్ బాగానే ఉంది, గాల్లోకి వెళ్లాక మాత్రం ఉన్నట్టుండి ఆగిపోతోంది, లేదా సర్వోలు (రెక్కల, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు) వాటంతటవే వణుకుతున్నాయి అని. కౌల్ (ఇంజన్ మీది మూత) విప్పి చూస్తే ఎక్కడో ఒక వైరు ఒరుసుకుని అరిగి ఉంటుంది. ఒకే జవాబు అందరికీ విడివిడిగా చెప్పడం కంటే ఇలా రాసిపెట్టడం నయం. ఏ ప్రశ్నకు కావాలంటే ఆ ప్రశ్నకు నేరుగా వెళ్లి చదువుకోండి. అందుకే కొన్ని మాటలు రెండుచోట్ల కనిపిస్తాయి.

## కొనే ముందు

అన్నా, గ్లో ఇంజన్ ఏళ్ల తరబడి నడిపినా ఈ వైర్ల గోల లేదే. పెట్రోల్‌కి రాగానే ఎందుకింత భయపెడతారు?

గ్లో ప్లగ్గు ఒకసారి ఎర్రబడితే ఆ వేడితోనే ఇంజన్ నడిచిపోతుంది. ఎగిరేటప్పుడు దానికి వైరే అక్కర్లేదు. పెట్రోల్ ఇంజన్‌కి ప్రతి చుట్టుకీ నిప్పురవ్వ కావాలి. అందుకని బ్యాటరీ నుంచి స్విచ్చికి, అక్కణ్ణుంచి ఇగ్నిషన్ బాక్సుకి (రవ్వ పుట్టించే పెట్టె), బాక్సు నుంచి ప్లగ్గుకి, క్రాంక్‌కేసు మీది హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టేది) నుంచి మళ్లీ బాక్సుకి వైర్లు పోతాయి. అన్నీ ఇంజన్ పక్కనే. నిమిషానికి 7,000 చుట్లు తిరిగే సింగిల్ సిలిండర్ ఇంజన్ సెకనుకు 116 సార్లకు పైగా అదురుతుంది. పది నిమిషాలు ఎగిరితే 70,000 సార్లు. ఏదైనా అంచుకు ఆనిన వైరును అన్నిసార్లు రంపంలా లాగితే ఏమవుతుందో ఊహించుకోండి.

వీటిలో ఏ వైరు ముందు పోతుంది?

అందరి కళ్లూ ప్లగ్గుకి వెళ్లే లావు వైరు మీదే ఉంటాయి. అది మెరుస్తుంటుంది, కనబడుతుంది. నిజానికి ముందు పోయేది సెన్సర్ వైరు. లోపల మూడు సన్నని తీగలుంటాయి: ఒకటి కరెంటుకి, ఒకటి ఎర్తుకి, ఒకటి సిగ్నల్‌కి. ప్రొపెల్లర్ హబ్బులోని అయస్కాంతం సెన్సర్ ముందు నుంచి పోయినప్పుడల్లా ఈ మూడో తీగ బాక్సుకి కబురు పంపుతుంది. అది ఒక్క క్షణం తెగినా, ఎర్తుకి తగిలినా రవ్వ ఉండదు. పైగా ఈ వైరు క్రాంక్‌కేసు కిందుగా, మౌంటు బోల్టుల పక్క నుంచి, కార్బొరేటర్ లివర్ దగ్గర నుంచి వస్తుంది. ఒరుసుకోవడానికి అంతకంటే అనువైన దారి లేదు.

ప్లగ్గు వైరు మీద ఇనప అల్లిక ఉండాది గదా. దానికేం కాదు గదా?

ఆ అల్లిక ఉన్నది వైరును కాపాడటానికి కాదు, వేరే రెండు పనులకి. ప్లగ్గు దగ్గర దూకిన కరెంటు తిరిగి బాక్సుకి వెళ్లే దారి అదే. రవ్వ పుట్టినప్పుడు వచ్చే రేడియో గోల బయటికి పోకుండా అడ్డుకునేదీ అదే. లోపల సిలికాన్ ఇన్సులేషన్, దాని నడుమ వేల వోల్టులు మోసే తీగ. అల్లికలో పోగులు తెగితే రవ్వకి తిరుగుదారి సన్నబడుతుంది, తెగిన కొసల మధ్య చిన్న చిన్న మెరుపులు పుడతాయి, రిసీవర్‌కి ఆ గోల వినబడుతుంది.

ఇంకో సంగతి. తాను అరిగేలోపు అల్లిక పక్కనున్నవాటిని అరగదీస్తుంది. ఫైబర్‌గ్లాస్ కౌల్‌కి గాడి పెడుతుంది, సర్వో వైరు తొక్క ఒలుస్తుంది, పెట్రోల్ పైపుని కోస్తుంది. కాబట్టి స్లీవ్ (వైరు మీది తొడుగు గొట్టం) తొడిగేది అల్లికను కాపాడటానికి ఎంతో, అల్లిక నుంచి మిగతావాటిని కాపాడటానికీ అంతే.

ఏ స్లీవ్ కొనాలి? ఒంగోల్లోనో నెల్లూర్లోనో దొరికేది చెప్పండి.

వేడిని బట్టి తేల్చుకోండి. మామూలు పీవీసీ గొట్టం చవకే కానీ సిలిండర్ పక్కన మెత్తబడి అంటుకుపోతుంది. ఫైర్‌వాల్ (ఇంజన్ బిగించే అడ్డుపలక) వెనక బ్యాటరీ వైర్లకైతే పనికొస్తుంది. వల అల్లినట్టుండే పాలియెస్టర్ స్లీవ్ సుమారు 125 డిగ్రీల దాకా నిశ్చింతగా తట్టుకుంటుంది, ఒరుపుకి మంచి జవాబు. సిలికాన్ గొట్టం 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది కానీ పదునైన అంచుకి తేలిగ్గా చీలుతుంది. టెఫ్లాన్ 260 దాకా ఆగుతుంది, జారుడుగా ఉంటుంది కాబట్టి ఒరుపే తక్కువ. సన్నని సెన్సర్ వైరుకి నా ఓటు దానికే.

ఆన్‌లైన్‌లో తెప్పించే ఓపిక లేకపోతే మోటారు వైండింగ్ షాపుకి వెళ్లండి. వ్యవసాయ మోటార్లు, రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు కట్టే షాపులు మన రెండు జిల్లాల్లో ఏ ఊళ్లోనైనా ఉంటాయి. వాళ్లు వాడే ఫైబర్‌గ్లాస్ స్లీవ్‌ని ఎంపైర్ స్లీవ్ అని అడిగితే మీటరు లెక్కన కోసిస్తారు. వేడికి బాగా ఆగుతుంది. కాకపోతే మడత పడినచోట పోగులు లేస్తాయి, అందుకని కొసలు హీట్ ష్రింక్‌తో (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే గొట్టం) మూసెయ్యాలి.

మన నెల్లూరు అభ్రకం రేకు సైలెన్సర్‌కీ వైరుకీ మధ్య పెడితే?

ఆలోచన బాగుంది, దానికి చరిత్ర కూడా ఉంది. తొలి తరాల విమాన ఇంజన్ల స్పార్క్ ప్లగ్గుల్లో ఇన్సులేషన్‌గా అభ్రకం వాడేవాళ్లు. సైదాపురం వైపు గనుల్లో తీసింది ఇదే సరుకు. వేడికీ కరెంటుకీ అభ్రకం గట్టిదే, అదురుకి మాత్రం కాదు. పొరలు పొరలుగా విడిపోయి ఆ రేకులు వెళ్లి కార్బొరేటర్ నోట్లో పడతాయి. వైరును సైలెన్సర్‌కి ఒక అంగుళం దూరం జరపండి, రేకుతో పనే ఉండదు.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ చూశా, ధర బాగుంది. వైర్లో ఏం చూసుకోవాలి?

మూడు చోట్లు చూడండి: వైరు బాక్సులోంచి బయటికొచ్చే మెడ, ప్లగ్గు క్యాపు మెడ, సెన్సర్ వైరు క్రాంక్‌కేసు మీంచి కిందికి దిగే మలుపు. చాలా బాక్సుల్లో ప్లగ్గు వైరుని లోపలే జిగురు పోసి మూసేస్తారు, తర్వాత మార్చడానికి వీలుండదు. అంటే వైరు పోతే బాక్సే పోయినట్టు. అల్లిక మీద నల్ల టేపు చుట్టి ఉంటే విప్పి చూపించమనండి. విప్పనంటే బాక్సు ఖరీదు తగ్గించి బేరమాడండి.

## బిగించేటప్పుడు

మొత్తం వైరుకి మంచి స్లీవ్ తొడిగేస్తే అయిపోద్ది గదా?

ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. స్లీవ్ లేకపోవడం వల్ల వైరు అరగదు, కదలడం వల్ల అరుగుతుంది. కదిలే వైరుకి ఎంత మంచి స్లీవ్ తొడిగినా ముందు స్లీవ్ అరుగుతుంది, తర్వాత వైరు. ఆలస్యం తప్ప మార్పేమీ లేదు.

వరస ఇలా పెట్టుకోండి. మొదట దారి: వైరు ఏ అంచునీ, వేడి భాగాన్నీ, కదిలే లివర్‌నీ తాకకుండా పోయేలా చూడాలి. రెండోది పట్టు: మూడు నాలుగు అంగుళాలకొకచోట ఏదో ఒకదానికి కట్టాలి. ఇవి రెండూ అయ్యాక, తప్పనిసరిగా తాకేచోట మాత్రమే స్లీవ్. దారీ పట్టూ సరిగ్గా కుదిరిన విమానంలో స్లీవ్ కావలసింది జానెడో బెత్తెడో, అంతే. పొడుగూతా స్లీవ్ వేసిన విమానం చూస్తే నాకు అనుమానమే, లోపల ఎక్కడా కట్టి ఉండరని.

వైరు బిగుతుగా లాగి కట్టాలా, వదులుగా వదిలెయ్యాలా?

రెండూ కాదు. ఇంజన్‌తో పాటు అదిరేది ఒకవైపు, ఫైర్‌వాల్‌తో పాటు అదిరేది ఇంకోవైపు. ఈ రెండింటి మధ్య దాటే చోట ఒక చిన్న వంపు వదలాలి, మిగతా చోట్ల వదులు ఉండకూడదు. ఆ వంపుకి అటూ ఇటూ ఒక్కో పట్టు వెయ్యండి: ఇంజన్ వైపు స్టాండాఫ్‌కో (ఇంజన్‌ని ఫైర్‌వాల్‌కి ఎడంగా నిలిపే కడ్డీ) మౌంటుకో, ఇవతల ఫైర్‌వాల్‌కి. రబ్బరు మౌంటు మీద ఇంజన్ ఉంటే వంపు కాస్త పెద్దదిగా ఉండాలి, ఎందుకంటే స్టార్టింగ్‌లోనూ ఐడిల్‌లోనూ ఇంజన్ బాగా ఊగుతుంది. ప్లగ్గు వైరుని మరీ చిన్న మలుపు తిప్పొద్దు. మలుపు వ్యాసం రెండంగుళాలకు తగ్గితే లోపలి సిలికాన్ మీద ఒత్తిడి పడుతుంది, బయట అల్లిక విచ్చుకుంటుంది.

ఫైర్‌వాల్‌కి రంధ్రం చేసి వైరు దూర్చా. ప్లైవుడ్డే గదా, ఏం కోస్తుంది?

ప్లైవుడ్ కూడా కోస్తుంది, కాస్త నిదానంగా. కార్బన్ ఫైబర్ అయితే తొందరగా కోస్తుంది, పైగా కార్బన్‌లో కరెంటు పారుతుంది. సెన్సర్ వైరు తొక్క పోయి కార్బన్‌కి తగిలితే సిగ్నల్ కలగాపులగం. రంధ్రం అంచు గుండ్రంగా రుద్ది, దానికి సరిపడే రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) వెయ్యండి. ఏ ఆటో ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. గ్రోమెట్ వేశాక కూడా రంధ్రానికి దగ్గర్లోనే వైరుని కట్టాలి, లేకపోతే గ్రోమెట్‌నే తినేస్తుంది.

కేబుల్ టైతో నేరుగా అల్లిక మీద బిగిస్తే తప్పేంది?

టై అంచు సన్నగా, గట్టిగా ఉంటుంది. నేరుగా బిగిస్తే దాని కిందే పోగులు తెగుతాయి, అదీ బయటికి కనబడకుండా. ముందు అక్కడ అంగుళం ముక్క సిలికాన్ పెట్రోల్ పైపుని నిలువునా చీల్చి తొడగండి, దాని మీద టై వెయ్యండి. వేలితో తిప్పితే వైరు కొద్దిగా తిరిగేంత బిగువు చాలు. టై కొస కోసినప్పుడు మిగిలే మొన కూడా కత్తే, దాన్ని పక్క వైరు వైపు కాకుండా బయటికి తిప్పండి. మామూలు నైలాన్ టై సుమారు 85 డిగ్రీల దాకానే నమ్మకం, కాబట్టి సిలిండర్‌ని ఆనుకుని వాడొద్దు. అక్కడ రబ్బరు లైనింగున్న మెటల్ క్లిప్పు వెయ్యండి.

ఎండాకాలం బాక్సు కింద అంటించిన టేపు జారిపోతోంది. వైరుకేమన్నా నష్టమా?

నష్టమే. బాక్సు అంగుళం జారితే మీరు లెక్కేసి పెట్టిన వంపు పోయి, వైరు బాక్సు మెడ దగ్గర లాగబడుతుంది. ఎక్కువగా తెగేది ఆ మెడ దగ్గరే. రోహిణి కార్తెలో డోర్లు మూసి ఎండలో పెట్టిన కారులో ఏ జిగురూ నిలవదు. బాక్సు కింద మెత్తటి ఫోమ్ వేసి, రెండు వెల్క్రో పట్టీలతో అడ్డంగా కట్టండి. జిగురును నమ్ముకోవద్దు. ఫోమ్ నలిగిపోయేంత బిగిస్తే అదురు నేరుగా బాక్సులోకి పోతుంది, అదీ గుర్తుంచుకోండి.

రిసీవర్‌కి ఎంత దూరం?

కనీసం ఒక అడుగు. ఇగ్నిషన్ సరంజామా అంతా ముందు, రేడియో సరంజామా అంతా వెనక. సర్వో వైర్లనూ ఇగ్నిషన్ వైర్లనూ ఒకే కట్టగా కట్టొద్దు. థ్రాటిల్ రాడ్డు లోహంది కాకుండా నైలాన్‌దో కార్బన్ కాని మరోదో పెట్టండి.

ప్లగ్గు వైరు పెట్రోల్ పైపు మీదుగా పోతోంది, వేరే దారి లేదు.

దారి ఉంటుంది, వెతకండి. ఈ పేజీలో నేను రాజీపడని విషయం ఇదొక్కటే. అల్లిక పెట్రోల్ పైపుని కోస్తుంది, కోసినచోటే రవ్వ కూడా దొరకొచ్చు. ఇంక వేరే చెప్పక్కర్లేదు. పైపుని ఒకవైపు, వైరుని రెండోవైపు తీసుకెళ్లండి. ట్యాంకు పైపులకి ఫైర్‌వాల్‌లో వేరే రంధ్రం చెయ్యండి. నిజంగా దాటక తప్పకపోతే రెండింటినీ విడివిడిగా కట్టి మధ్యలో అర అంగుళం ఖాళీ ఉంచండి, వైరుకి ఆ భాగమంతా స్లీవ్ వెయ్యండి.

కౌల్ వేశాక లోపల ఏది తగులుతుందో ఎట్లా తెలిసేది?

కౌల్ వెయ్యకముందు వైర్ల మీద తడి చేసిన సుద్దపొడో కుంకుమో పూయండి. కౌల్ బిగించి, తోక పట్టుకుని విమానాన్ని అటూ ఇటూ బాగా ఊపండి, ప్రొపెల్లర్‌ని చేత్తో నాలుగు చుట్లు తిప్పండి. ఇదంతా ఇగ్నిషన్ స్విచ్చి ఆపి, బ్యాటరీ పిన్ను తీసేశాకే. విప్పి చూస్తే కౌల్ లోపల మరక ఎక్కడుందో అక్కడే తగులుతోంది. ముదురు రంగు కౌల్‌కి సుద్ద, తెల్లదానికి కుంకుమ.

## మైదానంలో

ఫుల్ థ్రాటిల్‌లో టక్కున కట్ అయ్యి మళ్లీ అందుకుంటోంది. పెట్రోల్ సమస్యా, వైరు సమస్యా?

శబ్దం వినండి. పెట్రోల్ చాలకపోతే ఇంజన్ నీరసపడుతూ, గొంతు మారుతూ తగ్గుతుంది. వైరు సమస్యైతే స్విచ్చి ఆపి వేసినట్టు టక్కున పోయి టక్కున వస్తుంది, ఒక్కోసారి సైలెన్సర్‌లో ఢామ్మని పేలుతుంది. మొదటిదైతే సూది స్క్రూ, ట్యాంకు గొట్టం చూడండి. రెండోదైతే సెన్సర్ వైరు, బ్యాటరీ కనెక్టర్, స్విచ్చి, ఈ వరసలో.

సెన్సర్‌ని పరీక్షించేటప్పుడు ప్లగ్గు విప్పి క్యాపులో పెట్టి, ప్లగ్గు ఒంటిని సిలిండర్ లోహానికి ఆనించి ఉంచాలి. దగ్గర్లో పెట్రోల్ తడి ఉండకూడదు. ప్రొపెల్లర్ నెమ్మదిగా తిప్పుతూ ఒకరు రవ్వ చూస్తుంటే, ఇంకొకరు సెన్సర్ వైరుని అంగుళం అంగుళం కదపాలి. ఎక్కడ కదిపితే రవ్వ తప్పుతుందో, లేదా ప్రొపెల్లర్ తిప్పకుండానే రవ్వ వస్తుందో, అక్కడే తెగింది. ప్లగ్గుని ఎర్తుకి ఆనించకుండా ఇగ్నిషన్ ఆన్ చేస్తే మాత్రం ఆ వోల్టేజికి దారి దొరక్క బాక్సు లోపలే పేలుతుంది. బాక్సు చచ్చేది ఎక్కువగా అట్లాగే.

2.4 గిగాహెర్ట్జ్ రేడియోకి ఇగ్నిషన్ గోల తగలదంటారు గదా?

పాత 72 మెగాహెర్ట్జ్ సెట్లతో పోలిస్తే చాలా తక్కువ. అసలు తగలదని కాదు. సర్వోల పొడుగాటి వైర్లు ఆ గోలని పట్టి రిసీవర్‌లోకి తెస్తాయి. ఎగరేసే ముందు రేంజి చెక్ (రేడియో ఎంత దూరం అందుతుందో చూడటం) రెండుసార్లు చెయ్యండి, ఇంజన్ ఆపి ఒకసారి, ఇంజన్ నడుస్తూ ఒకసారి. రెండో దాంట్లో దూరం బాగా పడిపోయినా, సర్వోలు వణికినా ఆ రోజు ఎగరెయ్యొద్దు. అల్లికనీ, క్యాపు ప్లగ్గు మీద గట్టిగా కూర్చుందో లేదోనూ చూడండి. వదులు క్యాపు కూడా అచ్చం తెగిన అల్లికలాగే గోల చేస్తుంది.

కౌల్‌ని ముట్టుకుంటే సన్నగా షాక్ కొట్టింది. ప్రమాదమా?

ఇన్సులేషన్ ఎక్కడో చిల్లుపడిందని గుర్తు. వెంటనే ఆపండి. ప్లగ్గు వైరులో లోపలి సిలికాన్ పోతే టేపు చుట్టి ఎగరేసే పని లేదు, వైరు మార్చాల్సిందే, బాక్సులో జిగురుతో మూసేసిన వైరైతే బాక్సే మార్చాలి.

మైపాడు, కొత్తపట్నం బీచిల దగ్గర ఎగరేస్తాం. ఉప్పుగాలితో ఏమన్నా తేడానా?

ఉంది. ఉప్పు తేమ అల్లిక పోగుల మధ్య చేరి రాగి అయితే పచ్చగా తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన పోగు గరుకుగా, పెళుసుగా ఉంటుంది, చిన్న ఒరుపుకే తెగుతుంది. తెరిచి ఉన్న స్లీవ్‌లో ఇసుక దూరితే అదే ఉప్పుకాగితం పని చేస్తుంది. చీమకుర్తి వైపు క్వారీ రోడ్ల పక్క ఖాళీ స్థలాల్లో ఎగరేసేవాళ్లకి రాతిపొడితోనూ ఇదే బాధ. ఇంటికొచ్చాక ఐసోప్రొపైల్ తడిపిన గుడ్డతో వైర్లు తుడవండి. స్లీవ్ కొసలు హీట్ ష్రింక్‌తో మూసి ఉంచండి.

ఎన్ని ఫ్లయిట్లకోసారి కౌల్ విప్పాలి?

కొత్తగా బిగించిన విమానానికి మొదటి రెండు మూడు ఫ్లయిట్ల తర్వాత తప్పనిసరిగా. ఎక్కడ తగులుతుందో అప్పుడే తేలుతుంది. అల్యూమినియం దగ్గర నల్లటి మసి, ఫైబర్‌గ్లాస్ దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే అక్కడ ఒరుపు ఉన్నట్టే. ఆ తర్వాత నెలకోసారి చాలు.

## రిపేరు, దాచడం

అల్లికలో నాలుగు పోగులు తెగాయి. టేపు వేసేస్తే?

టేపు వేస్తే పోగులు కనబడవు, అంతే. ఒరుపు ఆగలేదు. ముందు కారణం తీసెయ్యండి. తర్వాత మల్టీమీటర్‌తో బాక్సు వైపు అల్లిక నుంచి ప్లగ్గు క్యాపు లోహం దాకా చూడండి, దాదాపు సున్నా ఓము రావాలి. వైరు వంచినప్పుడు అంకె ఎగిరిపడకూడదు. అట్లా ఉంటే లేచిన కొసలు కత్తిరించి, స్లీవ్ వేసి వాడుకోవచ్చు. పావు వంతు పోగులు పోయి ఉంటే మాత్రం నేనైతే ఎగరెయ్యను.

సెన్సర్ వైరు మధ్యలో తెగింది. అతకొచ్చా?

అతకొచ్చు. మూడు తీగల్నీ ఒకేచోట కాకుండా అరంగుళం అరంగుళం ఎడంగా టంకం పెట్టి, ఒక్కోదానికి విడిగా హీట్ ష్రింక్, పైన అన్నిటికీ కలిపి ఇంకోటి. టంకం పెట్టినచోట తీగ గట్టిపడుతుంది, దాని అంచు దగ్గర మళ్లీ తెగుతుంది. అందుకే అతుకుకి రెండు పక్కలా కట్టు ఉండాలి. వంపులో అతుకు రాకూడదు.

బైకు హెచ్‌టి వైరు (ప్లగ్గుకి వెళ్లే హై టెన్షన్ వైరు) వేసుకోవచ్చా? మెకానిక్ వేస్తానంటున్నాడు.

వద్దు. బైకు వైరుకి అల్లిక ఉండదు. అక్కడ తిరుగుదారి ఇంజన్, ఛాసిస్ లోహం గుండా పోతుంది. విమానంలో బాక్సు ఫోమ్ మీద, చెక్క మీద కూర్చుంటుంది, అల్లిక తప్ప తిరుగుదారే లేదు.

వైరు చూస్తే కొరికినట్టుంది, ఒరుసుకున్నట్టు లేదు.

ఎలుకే. ఒరుపైతే ఒక్కవైపే, నున్నగా అరుగుతుంది. ఎలుక రెండువైపులా జంట గాట్లు పెడుతుంది. స్లీవ్‌తో పనిలేదు, విమానాన్ని దూలానికి వేలాడదీయండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఎట్లా దాచాలి?

బ్యాటరీ విడదీయండి. కౌల్ విప్పి, వైర్లు తుడిచి ఆరబెట్టండి. ప్లగ్గు క్యాపు తీసేసి ఉంచితే దాని స్ప్రింగు రింగు తేమకి తుప్పు పడుతుంది, కాబట్టి ప్లగ్గు మీదే ఉంచండి. సంక్రాంతికి బయటికి తీసినప్పుడు ముందు పాత కేబుల్ టైలన్నీ కోసి కొత్తవి వెయ్యండి. ఎండకీ వేడికీ పెళుసెక్కినవి చూడటానికి బాగానే ఉంటాయి, ఇంజన్ స్టార్ట్ చేశాక పుటుక్కున తెగుతాయి. అవి కోసేటప్పుడు కట్టర్ మొన అల్లికకి తగలకుండా, కింద తొడిగిన సిలికాన్ ముక్క వైపు నుంచి కొయ్యండి.